ఎరువు మిషను

మొన్న సాయంత్రం రాసుకుంటూ ఉండగా కిటికీలోంచి పొగ వాసన వచ్చింది. పచ్చి కొబ్బరి మట్ట కాలే వాసన. ఎండాకు చిటపటమని ఒక్క ఊపులో కాలిపోతుంది గాని, పచ్చి మట్ట అలా కాదు. గంటల తరబడి రాజుకుంటూ, తియ్యగా ఘాటుగా ఒక పొగ వదులుతుంది, అది గొంతు వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. కలం కింద పెట్టి లేచాను. తూర్పు కిటికీలు రెండూ మూశాను, వసారా తలుపు మూశాను, తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కాను. అంతా అయ్యాక గుర్తొచ్చింది, ఆ పనులు ఎవరికోసం చేసేవాణ్ణో ఆ మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో లేదని. నన్ను అడక్కుండానే చేతులు తమ పని తాము చేసేశాయి. తడిగుడ్డ తీసి తీగ మీద ఆరేసి, దొడ్లోకి నడిచి, రేకుల షెడ్డు తలుపు తోసి, పైన కప్పిన పట్టా ఎత్తి చూశాను. ఉంది. మిషను, రెండు చిన్న చక్రాల మీద, గరాటు నోరు ఆకాశం వైపు తెరుచుకుని, సాలెగూళ్లతో. పక్కన తెల్లరంగుతో రాయించిన అక్షరాల్లో సగం రాలిపోయాయి. చదవడానికి నాకు ఆ సగం చాలు.

మచిలీపట్నంలోని ఈ ఇల్లు మా అక్కయ్యది. ఆమె భర్త పోయాక, పెళ్లీ పెటాకులూ లేని తమ్ముడు అద్దెగదిలో పుస్తకాల మధ్య ఉడకని అన్నం తింటూ ఉండటం ఇష్టంలేక నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. తీరిక వేళల్లో చేతబడుల మీద, వాస్తు మీద, ముహూర్తాల మీద యుద్ధం చేస్తూ వ్యాసాలు రాసేవాణ్ణి, సభల్లో మాట్లాడేవాణ్ణి. అక్కయ్య వాటిని అడ్డుకోలేదు, చదవనూ లేదు. ఆవిడ లోకమంతా దొడ్డే. మామిడి, సపోటా, జామ, కొబ్బరి, ప్రహరీ వెంట గన్నేరూ మందారాలూ, బావి పక్కన మునగ. పొద్దున్నే చీర కుచ్చెళ్లు దోపుకుని కత్తెర పట్టుకుని బయల్దేరితే, ఎండ ఎక్కేదాకా లోపలికి రాదు. అన్ని చెట్ల మధ్య బతికే ఆ మనిషికి ఉబ్బసం. మా కుటుంబంలో హాస్యానికి ఎప్పుడూ లోటు లేదు.

చెట్లు ఆమెకేమీ చెయ్యలేదు. చెట్ల నుంచి రాలినవాటిని మనుషులు ఏం చేస్తారన్నదే ఆవిడ ప్రాణం మీదికి వచ్చేది. మా వీధిలో ప్రతి ఇంటికీ దొడ్డి ఉండేది. ప్రతి దొడ్లోనూ సాయంత్రమయ్యేసరికి ఆకులూ కొమ్మలూ ఊడ్చి కుప్ప చేసి అగ్గిపుల్ల గీసేవాళ్లు. దోమలు పోతాయట. దోమలు పోవడం నేనెప్పుడూ చూడలేదు. అవి కాసేపు మా ఇంట్లోకి వచ్చి, పొగ తగ్గాక మళ్లీ వాళ్ల ఇళ్లకే వెళ్లేవి. సముద్రం మీంచి వచ్చే సాయంత్రపు గాలి వీధిలోని కుప్పలన్నిటి పొగనూ పోగుచేసుకుని మా తూర్పు కిటికీలకు అప్పజెప్పేది. అక్కయ్య మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చునేది. పిల్లనగ్రోవిలో ఎవరో తప్పు ఊదినట్టు ఆమె ఛాతీలోంచి సన్నని కూత వచ్చేది. ఆ సమయంలో పలకరిస్తే చెయ్యి ఊపేది, తర్వాత మాట్లాడతానని. ఈ కుప్పల పొగ మీద నేనొక వ్యాసం రాశాను. ఒక చిన్న పత్రికలో అచ్చయింది. ఆ పత్రికతోనే ఎదురింటివాళ్లు కుప్ప అంటించారని అక్కయ్య చెప్పింది. అది నిజమో, నన్ను ఏడిపించడానికి అందో ఇప్పటికీ తేలలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక తుపాను వచ్చింది. తీరంలో ఉన్నవాళ్లకు అదేం పెద్ద విశేషం కాదు. ఇళ్లు నిలిచాయి, కొమ్మలు విరిగాయి. వీధి నిండా తడి కొమ్మలు. వాటిని ఎండనిచ్చే ఓపిక ఎవరికీ లేక కిరసనాయిలు పోసి అంటించారు. వారమంతా ఊరు పొగలోనే ఉంది. అక్కయ్యను రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. డాక్టరు నాతో, "మందు నేనివ్వగలను మాస్టారూ, ఆ పొగ మీరు ఆపుకోవాలి" అన్నాడు. నేను మర్నాడే బెజవాడ బస్సెక్కాను. వ్యవసాయ యంత్రాలు అమ్మే కొట్లో, కొమ్మల్ని ముక్కలుగా నమిలేసే చిన్న పెట్రోలు యంత్రం ఒకటి ఉందని ఒక స్నేహితుడు చెప్పి ఉన్నాడు. కొమ్మలన్నీ చితికి చెట్ల మొదళ్లలో పరుపుగా పడితే కాల్చడానికి ఏమీ మిగలదు, కాల్చకపోతే పొగ ఉండదు, పొగ లేకపోతే అక్కయ్య ఊపిరి పీలుస్తుంది. ఇంత సూటి తర్కం నా వ్యాసాల్లో కూడా ఎప్పుడూ కుదరలేదు.

యంత్రాన్ని ట్రాలీ ఆటోలోంచి దింపేసరికి వీధంతా మా గేటు దగ్గర చేరింది. జనం దొరికితే వదిలే అలవాటు నాకు లేదు. పైన గరాటు, లోపల వేగంగా తిరిగే ఇనప బిళ్ల, దానికి బిగించిన రెండు కత్తులు, పక్కన ముక్కల్ని చిమ్మే మూతి, ఇదీ దీని శరీరం అని చెప్పాను. కొమ్మను మొదలు వైపు నుంచి పెట్టాలి, చివర నుంచి పెడితే రెమ్మలు అడ్డం తిరుగుతాయి. అందుకున్నాక అదే లాక్కుంటుంది, మనం తోయకూడదు. చెయ్యి గరాటులోకి ఎప్పుడూ పోకూడదు, ఏదైనా ఇరుక్కుంటే కర్రతో తోయాలి, అంతకన్నా ముందు ఇంజను ఆపాలి. ఇవన్నీ చెప్పి తాడు లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. "మంత్రం మర్చిపోయినట్టున్నారు మాస్టారు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తర్వాతి లాగుడుకి అందుకుంది. జామకొమ్మ పెట్టాను. గుర్రుమని ఒక అరుపు, మూతిలోంచి తెల్లని ముక్కల జల్లు, వీధంతా పచ్చి జామ వాసన. అక్కయ్య వసారాలో నిలబడి, చేతిలో ఒక గుప్పెడు ముక్కలు పట్టుకుని వాసన చూసింది. ఆ ముఖం చూసి, ఈ గొడవ ఇంతటితో తీరిందనుకున్నాను.

"దీని పేరేంటండీ?" అని అడిగాడు ఎదురింటాయన. ఆయనది నాగాయలంక దగ్గర ఊరు; అక్కడ రొయ్యల చెరువులు వేసి, పిల్లల చదువులకని బందరులో ఇల్లు కట్టుకున్నాడు. అక్కయ్య ఆయన భార్యను అక్కా అనేది కాబట్టి నాకాయన బావగారు. ఆ వీధిలో అందరికన్నా పెద్ద దొడ్డి ఆయనది, అందరికన్నా పెద్ద కుప్ప కూడా ఆయనదే. సరిగ్గా మా ఇంటికి తూర్పున.

"చిప్పర్ అంటారు బావగారూ."

"చిప్పా?" అన్నాడాయన. జనం గొల్లుమన్నారు. నేను కూడా నవ్వాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. కాసిన్నాళ్లకు ఆయన చెరువుల్లో రొయ్యలకు తెల్లమచ్చల తెగులు తగిలింది. అప్పట్లో దివిసీమలో ఆ తెగులు తగలని చెరువును వెతకాలి. ఒడ్డున తేలిన రొయ్యల్ని గంపలకెత్తి పూడ్చిపెట్టి, మనిషి సగమై ఇల్లు చేరాడు. మర్నాడు టీ బడ్డీ దగ్గర అన్నాడట, "మాస్టారు వీధిలోకి చిప్ప తెచ్చారయ్యా. నేను నోరారా దాని పేరు అడిగాను, అది నా చేతికొచ్చింది" అని. మన భాషలో చిప్ప చేతికి రావడమంటే అడుక్కు తినే గతి పట్టడం. మాట ఊరికే పోలేదు. అప్పటిదాకా మా ఇంటికొచ్చి మిషను పట్టుకెళ్లినవాళ్లు రావడం మానేశారు. ఊరికే ఇస్తానన్నా వద్దన్నారు. ఒకావిడైతే నేను మిషను తోసుకుంటూ వస్తుంటే గేటుకి గొళ్లెం పెట్టి, "మా ఇంట్లో శుభకార్యం ఉందండీ, ఏమనుకోకండి" అంది. కుప్పలు మళ్లీ వెలిగాయి.

నేను ఊరుకునే రకం కాదు. ఇంటింటికీ తిరిగాను. కొబ్బరి చిప్పతో పచ్చడి చేసుకుంటారు గదా, చేతికి చిప్ప రాలేదా అని అడిగాను. ముత్యం పుట్టేదే చిప్పలో అన్నాను. మీ మోకాళ్లకు చెరొక చిప్ప ఉంది, అరిష్టమని తీయించుకుంటారా అని రొయ్యల బావగారిని ఆయన అరుగు మీదే నిలదీశాను.

ఆయన చుట్ట తీసి తాపీగా, "మోకాలి చిప్ప మోకాలికే ఉంటుంది గదా మాస్టారూ. చేతికొచ్చేది వేరే చిప్ప" అన్నాడు.

"అది ఇంగ్లీషు మాట బావగారూ. మన చిప్పకీ దానికీ సంబంధం లేదు."

"రొయ్యలకి ఇంగ్లీషు తెలుసాండీ?"

నా జీవితంలో ఎందరో పండితులతో వాదించాను. చుట్ట తాగుతూ కూర్చున్న ఆ మనిషి దగ్గర మాత్రం ఓడిపోయి ఇంటికొచ్చాను. వాదంలో ఓడితే మర్నాడు ఇంకో వాదం దొరుకుతుంది. మా తూర్పు కిటికీలకు మర్నాడు కూడా అదే పొగ. చలికాలం వచ్చేసరికి గాలి బరువెక్కి పొగ నేల మీదే పరుచుకునేది. అక్కయ్య దొడ్లోకి వెళ్లడం మానేసింది. కత్తెర వసారా గోడకు వేలాడుతూ తుప్పు పట్టసాగింది. మందు పీల్చే గొట్టం ఎప్పుడూ కొంగున కట్టుకుని ఉండేది. మాట్లాడితే మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకుని మిగతా వాక్యం చెప్పేది. కొన్నాళ్లకు మిగతా వాక్యం చెప్పడం మానేసింది. ఈసారి ఆస్పత్రికి తెస్తే ఇంటికి పంపిస్తానన్న మాట ఇవ్వలేనని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

ఆ రోజుల్లోనే గుడివాడలో మూఢనమ్మకాల మీద ఒక సభ. వెళ్లనన్నాను. "వెళ్లు, ఇంట్లో కూర్చుని... ఆ కుప్పల్ని తిట్టుకుంటూ ఉంటావు, అదీ నాకు పడదు" అని అక్కయ్యే పంపింది. చప్పట్లు బాగా పడ్డాయి. చిప్ప కథే చెప్పాను మరి. తిరిగి బందరులో బస్సు దిగి వీధి మొదట్లోకి వచ్చేసరికి మిషను చప్పుడు వినపడింది. అది మా దొడ్లోంచి కాదు. రొయ్యల బావగారి దొడ్లో, తువ్వాలు తలకు చుట్టుకుని, ఆయనే స్వయంగా మామిడి కొమ్మలు పెడుతున్నాడు, మొదలు వైపు నుంచి. మిషను పక్కన కొత్త తెల్లరంగు మెరుస్తోంది: "ఎరువు మిషను." గరాటుకు పసుపు, కుంకుమ బొట్టు కూడా. నన్ను చూసి, "రండి మాస్టారూ! ఇంత మంచి పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?" అని అరిచాడు.

అది అక్కయ్య పనేనని తెలిసి, ఇంటికొచ్చి గుమ్మంలోంచే ఆవిడ మీద మొదలుపెట్టాను. సైనుబోర్డులు రాసే కుర్రాణ్ణి పిలిపించి పేరు మార్పించావంటే వాళ్ల భయం నిజమని ఒప్పుకున్నట్టే గదా, నేను ఊరూరా తిరిగి చెప్పేదాన్ని నా ఇంట్లోనే అబద్ధం చేశావు గదా, రేపు వాళ్లు మన ఇంటిపేరు కూడా మార్చమంటారు, మారుస్తావా, అని అడిగాను. అక్కయ్య కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నది. మధ్యలో ఆపలేదు; ఆపడానికి ఊపిరి చాలదు.

"అయిందా?" అంది.

"అయింది."

"నీ వాదం నెగ్గితే... నాకు ఊపిరాడుతుందట్రా?"

నేను నోరు తెరవబోతే మళ్లీ అంది. "నువ్వు గుడివాడ వెళ్లి మైకులో... రెండు గంటలు మాట్లాడొస్తావు. ఆ ఊపిరి నాకుంటే నేనూ నీలాగే వాదిద్దును. నాకున్నది ఒక పేరుకి సరిపోయేంత. పెట్టేశాను." ఆ తర్వాత కొంచెం నవ్వి, "అయినా అబద్ధం ఏముందిరా? మొక్కలకు ఎరువు. వీధికి ఎరువు ఇస్తున్నాం. రెండిందాలా ఎరువే" అంది.

తెలుగులో పొలానికి వేసేదీ ఎరువే, వాడుకుని తిరిగి ఇమ్మని ఇచ్చేదీ ఎరువే. నాకు తట్టని శ్లేష, నా వ్యాసం ఒక్కటైనా చదవని మనిషికి తట్టింది. అయినా నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. భయానికి పేరు మారిస్తే భయం పోదు, బట్టలు మార్చుకుంటుంది. కానీ ఆ సాయంత్రం తూర్పు కిటికీ తెరిచి ఉంది. అక్కయ్య దాని పక్కన కూర్చుని కాఫీ మొత్తం తాగింది.

ఎరువిచ్చిన వస్తువు ఎలా తిరిగొస్తుందో తెలిసిందే. అలాగే వచ్చేది. ఒకాయన కొబ్బరి మట్టలు పెట్టి, పీచంతా ఇరుసుకు జడలా అల్లుకున్నాక పంపించాడు. ఇంకొకాయన వేపకొమ్మ పెట్టాడు; ఎవరో మంత్రగాడు ఎప్పుడో దయ్యాన్ని బంధించడానికి దిగ్గొట్టిన మేకు దాంట్లో ఉంది. దయ్యం సంగతి నాకు తెలియదు గాని మేకు మాత్రం నిజం, నా కత్తికి ఒక పన్ను ఊడగొట్టింది. అన్నిటికన్నా ఘనకార్యం రొయ్యల బావగారిదే. ఒకరోజు మిషను ఊపిరి ఆగిన గేదెలా మూలిగి నిలిచిపోయిందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే గరాటు నిండా పేడ, అరటి దూట, వంటింటి తొక్కలు.

"ఇదేంటి బావగారూ!"

"ఎరువు మిషను గదండీ. అన్నీ వేస్తే ఎరువై వస్తుందనుకున్నాను."

పేడ కడుక్కుంటూ ఇంటికొచ్చి, "చూశావా, తప్పు పేరు పెడితే తప్పు జ్ఞానం పుడుతుంది!" అని అక్కయ్య ముందు ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ నవ్వి నవ్వి దగ్గి, మందు పీల్చి, మళ్లీ నవ్వింది. అంత నవ్వగలిగే ఊపిరి ఆవిడకు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

అక్కణ్ణుంచి నా ఆదివారాలన్నీ ఆ యంత్రానివే. అది మూలపడిన రోజున కుప్ప వెలుగుతుంది, కుప్ప వెలిగితే అక్కయ్య మంచం పట్టె పట్టుకుంటుంది. ఈ గొలుసు నాకెవరూ చెప్పక్కర్లేదు. ముందు ప్లగ్గు వైరు ఊడదీసేవాణ్ణి, లోపల చెయ్యి పెట్టినప్పుడు ఇంజను పొరపాటున కూడా తిరక్కుండా. ఇరుసుకు చుట్టుకున్న పీచు కత్తితో కోసి లాగేవాణ్ణి. గాలి వడపోసే స్పాంజిని సబ్బునీళ్లలో పిండి నీడన ఆరేసేవాణ్ణి. కత్తులు రెండూ ఊడదీసి రాయి మీద పట్టేవాణ్ణి, ఒకటి ఎన్నిసార్లు పడితే రెండోది అన్నిసార్లే; ఒకవైపు బరువు తగ్గితే మిషనంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ముక్కలు నున్నగా తెగి పడుతున్నంత కాలం కత్తి బాగున్నట్టు, పీచులు పీచులుగా వస్తే మొద్దుబారినట్టు. ఇంత శ్రద్ధ నేను నా వ్యాసాలకు పెట్టి ఉంటే దేశం ఈపాటికి బాగుపడేది. వేళ్ల సందుల్లో నల్లనూనె ఇంకిపోయి, సభల్లో చెయ్యెత్తి మాట్లాడుతుంటే ముందు వరసవాళ్లు నా గోళ్లను చూసేవారు. నడుము పట్టేసేది. ఈ వీధికి నేను హేతువాదం నేర్పబోయి, మెకానిక్కునయ్యాను అని విసుక్కునేవాణ్ణి. "కత్తులు బాగా పట్టు" అనేది అక్కయ్య, మందారం కొమ్మలు కత్తిరిస్తూ. కత్తెర తుప్పు ఆవిడే వదిలించుకుంది.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. చివరికి పోయింది కూడా ఊపిరి అందక కాదు. మధ్యాహ్నం నిద్రలో, కిటికీ తెరిచే ఉంది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు మిషను ఎరువు వెళ్లొచ్చింది. దొడ్లు ఒక్కొక్కటే గదులయ్యాయి, చెట్లు తగ్గాయి, బెల్టు తెగింది, కొత్తది వెయ్యాలని అనుకుంటూనే పట్టా కప్పాను. అనుకోవడంలోనే నాకు వయసైపోయింది.

మొన్న పట్టా ఎత్తి అలా నిలబడి ఉండగా గేటు చప్పుడైంది. రొయ్యల బావగారు. చేతికర్ర, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆయాసం.

"మాస్టారూ, ఆ చిప్ప ఇంకా ఉందాండీ?"

నాకు అర్థం కాలేదు. "ఏ చిప్ప?"

"అదేనండీ, కొమ్మలు నమిలే చిప్ప. పక్కన కొత్త ఇల్లు కట్టినవాళ్లు చెట్లు కొట్టి అంటిస్తున్నారు. మా ఆవిడకి ఊపిరి అందట్లేదు. ఊరికే వద్దంటే వినరు గదా, ఇదన్నా చేతికిచ్చి చూద్దామని."

"బావగారూ, మీకు ఆ మాట పడదు గదా!"

ఆయన చేతికర్ర గేటుకి ఆనించాడు. తర్వాత పంచె కొంచెం పైకెత్తి మోకాలి మీది ఆపరేషను గాటు చూపించాడు. "ఇదుగో, మోకాలి చిప్పే మార్పించుకుని తిరుగుతున్నాను. ఇంకా ఏ చిప్పకి భయపడమంటారు? అవన్నీ ఎప్పటి మాటలండీ!"

నెగ్గాను. ఆయన అరుగు మీద నన్ను ఓడించి పంపిన వాదం ఇన్నాళ్లకు నా గేటు దగ్గరికే నడిచి వచ్చి ఓడిపోయింది. ఈ మాట చెప్పాలని వసారా వైపు తిరిగాను. అక్కడ గోడకు కత్తెర ఉంది.

బావగారిని కూర్చోబెట్టి ప్లగ్గు వైరు ఊడదీశాను. కత్తులు తీసి కిరసనాయిల్లో నానేశాను. ఇవాళ ఉదయం నుంచీ వాటిని రాయి మీద సానపడుతున్నాను, నడుము సహకరించడం లేదు, బెల్టుకి బెజవాడ కబురు చేశాను. అక్షరాలు మళ్లీ రాయించనా అని అడిగితే ఆయన అక్కర్లేదన్నాడు. ఒక మాటలోంచి భయం రాలిపోవడానికి మా వీధికి ఇన్నేళ్లు పట్టింది. ఊపిరి అన్నేళ్లు ఆగదు.